పురిటింట్లో తిరిగిన రాట్నం

మొదటిసారి నేను దాలమ్మ గుమ్మంలో నిలబడేసరికి ఆవిడ చోడి అంబలి, అంటే రాగి జావ, తాగుతోంది. "నూలు తయారైందా?" అన్నాను. ఇంకాస్త గట్టిగా అడిగాను. ముంత ఎత్తి మరో గుక్క తాగింది. ఉల్లిపాయ కొరికింది, తీరిగ్గా నమిలింది. నేను గొడుగు కర్ర నేలకేసి కొట్టాను. ముంత ఖాళీ చేసి, కడిగి, బోర్లించి, చెయ్యి కొంగుకి తుడుచుకున్నాక గాని నా వైపు తిరగలేదు.

"ఇప్పుడు సెప్పు బావూ, ఏటి?"

"ఇందాకట్నుంచి అరుస్తున్నాను. వినబడలేదా?"

"ఇనబడింది. అంబలి తాగినప్పుడు అంబలే తాగాల. నీతోటి మాటాడుకుంటా తాగితే ఆ తాగింది నాకు తెలస్తాదేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది 1944 నాటి మాట. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పేరు నరసింగరావు. శృంగవరపుకోటలో మా నాన్నకి కిరాణా దుకాణం ఉంటే, ఉప్పూ పప్పూ తూచుకుంటూ బతకడం నావల్ల కాదని దెబ్బలాడి పొందూరు వచ్చి, ఒక చిన్న ఖద్దరు కొట్టులో చేరాను. వడికే ఆడవాళ్ళకి పత్తి ఇవ్వడం, నూలు తీసుకోవడం, దాన్ని మగ్గం నేసే సాలీలకి చేర్చడం నా పని. దేశమంతా స్వరాజ్యం కోసం ఉరకలేస్తోందని నా నమ్మకం. అలాంటప్పుడు ఈ ముసలిది ఉల్లిపాయ నములుతూ కూర్చుందేమిటని నా కోపం. ఇప్పుడు కోపం వేరే మనిషి మీద ఉంది. ఆ మనిషి ఎవరో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పొందూరు సన్ననూలు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. నాగావళిలో దొరికే వాలుగ చేప దవడ ఎముకని ఎండబెట్టి పుల్లకి కట్టుకుంటారు. దాని పళ్ళు సూదుల్లా సన్నగా ఉంటాయి. గింజ మీద ఉన్న పత్తిని, ఒక్కొక్క గింజనే చేతిలో పట్టుకుని, ఆ పళ్ళతో దువ్వుతారు. దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, అరటి దొప్పలో దాచి, అప్పుడు రాట్నం దగ్గర కూర్చుంటారు. వంద నంబరు నూలు, అంటే వెంట్రుక కన్నా సన్నటి నూలు, ఆ ఊళ్ళో తెగకుండా వడికేవాళ్ళు ముగ్గురే. ముగ్గురిలో దాలమ్మదే పైచెయ్యి. ముగ్గురిలో అందరికన్నా నెమ్మదైనదీ ఆవిడే.

"ఒక్కొక్క గింజనీ ఇంతసేపు దువ్వాలా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"ఈ వాలుగ సేపని బతికున్నప్పుడు ఎవులూ తొందరపెట్టనేదు బావూ. సచ్చినాక నువ్వు తొందరపెడతన్నావేటి?" అంది. పక్కింటి ఆడవాళ్ళు విరగబడి నవ్వారు.

పొద్దుటి పని అయ్యాక అరుగు మీద కూర్చుని అడ్డచుట్ట కాల్చేది. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, పొగ గుప్పుగుప్పున వదులుతూ వీధిలోకి చూస్తూ ఉండేది. ఆ వీధిలో చూడడానికి ఏమీ ఉండేది కాదు.

"ఏం చూస్తున్నావు దాలమ్మా?"

"సూస్తన్నాను."

"అదే, దేన్ని?"

"అదేటో ఇంకా తెల్దు. సూస్తంటే తెలస్తాది."

ఇలాంటి మనిషితో ఎలా వేగడం? మా కొట్టు గోడ మీద "ఆలస్యం అమృతం విషం" అని నా చేత్తో రాసిపెట్టాను. దాలమ్మకి చదువు రాదు. వచ్చినా లెక్కచేసేది కాదు.

ఆవిడ బతుకు పెద్ద కథేమీ కాదు. తొమ్మిదో ఏట పెళ్ళయింది. మొగుడు సాలీడు, మంచివాడేనట. కలరా వచ్చి పోయాడు. నలుగురు పిల్లలు పుట్టి ముగ్గురు పోయారు. మిగిలింది నీలవేణి ఒక్కతే. మొగుడు పోయేనాటికి ఆ పిల్ల నెలల గుడ్డు. దాలమ్మ కూలి దొరికిన ప్రతి నూలూ వడికి పిల్లని పెంచింది. పిల్లని ఆడించిందీ, ఎత్తుకు తిప్పిందీ ఆవిడ చెల్లెలు లచ్చవమ్మ. అసలు పేరు లక్ష్మణమ్మ అయినా ఆ వీధిలో ఎవరూ అలా పిలవరు.

నీలవేణికి చీపురుపల్లి దగ్గర పల్లెలో పెళ్ళి చేశారు. 1946లో కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఆ వార్త చెబుతున్నప్పుడు మాత్రం దాలమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఫాల్గునంలో మా నీలవేణికి పురుడు. అప్పుడు నన్ను నూలడక్కు బావూ. ముందే సెప్తన్నాను."

"ఎన్నాళ్ళు?"

"ఇరవయ్యొక్క రోజులు. పురుడొస్తే మా ఇంట్లో రాట్నం అటకెక్కీస్తాది. పసిగుంటని ఉయ్యాల్లో ఏసినాకే దిగుతాది. మా అత్త కాడ్నించీ అంతే."

పురిటి మైల పత్తికి అంటకూడదని వాళ్ళ కట్టు. పురిటిగదిలో అడుగుపెట్టిన మనిషి పత్తి ముట్టదు. పత్తి ముట్టిన మనిషి పురిటిగదిలో అడుగుపెట్టదు. మిగతా ఇళ్ళలో పది రోజులతో సరిపెట్టేవారు. దాలమ్మ ఇంట్లో ఇరవయ్యొకటి.

"నీలవేణి పాకినప్పుడు నాను సూడ్నేదు, నడిసినప్పుడు సూడ్నేదు. కళ్ళన్నీ నూలు మీదే ఉండీవి. ఈ గుంటని సూస్తాను. కూకొని సూస్తాను," అంది.

నేను సరేనన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది. సరేనన్నాను.

నెల తిరక్కుండా కబురొచ్చింది. మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి రైల్లో కలకత్తా వైపు వెళ్తున్నారట. చీపురుపల్లి స్టేషన్లో బండి ఆగినప్పుడు ఆయనకి దండలు వేయాలట. ఎవరూ అడక్కుండానే నేను ఉత్తరం రాసేశాను. మా పొందూరు తరఫున వంద నంబరు నూలుతో నేసిన ఉత్తరీయం ఇస్తామని, అది ఉంగరంలోంచి దూరుతుందని గొప్పలు పోయాను. ఆ నూలు వడకాల్సిన మనిషిని ఒక్క మాట అడగలేదు. మిగతా ఇద్దరిలో ఒకామెకి చెయ్యి వాచింది, ఇంకొకామె పెళ్ళికని కళింగపట్నం వెళ్ళింది. రైలు రావడానికి ముప్ఫై మూడు రోజులుంది. నెయ్యడానికి సాలీడికి పదిహేను రోజులు కావాలి. అంటే నూలుకి మిగిలింది పద్దెనిమిది రోజులు.

పొద్దున్నే దాలమ్మ ఇంటికి పరుగెత్తాను. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని మా అమ్మ అంటూ ఉండేది. మా అమ్మ మాట నేనెప్పుడు విన్నాను గనక?

దాలమ్మ రోలెక్కి నిలబడి ఉంది. రెండు చేతులతో రాట్నాన్ని అటక మీదికి ఎత్తుతోంది. లోపలి గదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

"ఇప్పుడే బావూ! గుంట! మంత్రసాని బొడ్డు కోస్తన్నాది. నానింకా సూడ్నేదు. దీన్ని ఎక్కించీసి ఎల్తాను."

కూతురి కాన్పుకి తల్లి ఎదురుగా ఉండకూడదని వాళ్ళ నమ్మకం. అందుకని లోపల లచ్చవమ్మ ఉంది, దాలమ్మ ఇవతల ఉంది. ఒక్క పావుగంట ఆలస్యంగా వెళ్ళి ఉంటే ఆవిడ లోపలికి వెళ్ళిపోయి ఉండేది. మైలపడ్డ చేత్తో ఇక పత్తి ముట్టమన్నా ముట్టేది కాదు. నేను ఆలస్యంగా వెళ్ళే మనిషినా?

రాట్నాన్ని కింది నుంచి పట్టుకున్నాను. ఆవిడ పైకి లాగింది, నేను కిందికి లాగాను.

"ఒగ్గీ బావూ!"

"దించు. పని పడింది."

సంగతి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మైల గియిల అంతా మూఢనమ్మకమని ఉపన్యాసం ఇచ్చాను. ఊపిన తల ఆపలేదు. అప్పుడు నా నోట ఆ మాట వచ్చింది.

"సరే, నీ ఇష్టం. ఇకనుంచి వంద నంబరు పత్తి నీ గుమ్మంలోకి రాదు. ముతక నూలు వడుక్కో."

దాలమ్మ రోలు దిగింది. ఆ పత్తి తప్ప ఆవిడకి బతుకు లేదు. అది నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆవిడకీ తెలుసు.

"అంత మాటన్నావేటి బావూ," అంది చాలా చిన్నగా.

ఆవిడ మెత్తబడడం చూసి నాకు తెలివి పొంగుకొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపించే తెలివి. "నీ కట్టు నువ్వు తప్పక్కర్లేదు దాలమ్మా. లోపలికి వెళ్తేనే కదా మైల? వెళ్ళకు. ఇంకా వెళ్ళలేదు కదా. ముందరి వసారాలో కూర్చుని వడుకు. లోపలి సంగతి లచ్చవమ్మ చూసుకుంటుంది." అరనిమిషం కిందట మూఢనమ్మకమన్న దాన్ని అక్కరకొచ్చేసరికి శాస్త్రం చేసేశాను. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డి నాకిందట. నేను అంతకన్నా హీనం.

"మరి గుంట?"

"గుంట ఎక్కడికి పోతుంది దాలమ్మా? పద్దెనిమిది రోజుల తర్వాతా ఇక్కడే ఉంటుంది. రైలే మనకోసం ఆగదు."

ఆవిడ గది తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రాట్నాన్ని వసారాలోకి మోసుకెళ్ళింది. నేనొక చెయ్యి వేశాను కూడా.

రోజుకి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. ఫాల్గుణం వెళ్ళి చైత్రం వస్తోంది, పొడిగాలికి సన్ననూలు ఊరికే తెగుతుంది. దాలమ్మ ఎప్పుడూ ఆ రోజుల్లో పొద్దున్నే వడికి, ఎండెక్కేసరికి ఆపేసేది. ఇప్పుడు వసారా చుట్టూ తడి గోనెలు కట్టుకుని మధ్యాహ్నం కూడా కూర్చుంటోంది. లోపల బిడ్డ ఏడిస్తే ఆవిడ చెయ్యి ఆగేది, దారం తెగేది. తెగిన దారం అతుక్కుంటూ లోపలికి కేకేసేది.

"ఎందుకేడుస్తన్నాదే లచ్చవమ్మా?"

"ఆకలేసి! నువ్వు నీ పని సూసుకో."

"కళ్ళు తెరిసిందేటే?"

"తెరిసింది. దీపం కేసే సూస్తన్నాది."

చీకటి గది. నీలవేణి పురిటి జ్వరంతో మత్తుగా పడి ఉంటోందని లచ్చవమ్మ చెప్పింది. గుమ్మంలోంచి చూస్తే పాతచీర పొత్తిళ్ళ మూట తప్ప ఏమీ కనబడదు. బిడ్డని గుమ్మం దాకా తెమ్మంటే, పచ్చి పసిగుడ్డుని వీధి గాలికి తేకూడదని మంత్రసాని కసురుకుంది. దాలమ్మ మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒక రోజు చూశాను, ఎడం చేతిలో అంబలి ముంత, కుడిచెయ్యి రాట్నం మీద. తాగుతూ తిప్పుతోంది. అది చూసి నేను ఏమనుకున్నానో తెలుసా? దారికొచ్చిందనుకున్నాను. సంతోషించాను. తూ!

పదహారో రోజు పొద్దున్న వెళ్ళేసరికి ఇంక వడకాల్సింది రెండు చిలపలు, అంటే రెండు చుట్టల నూలు, మిగిలింది. నేను అరుగు మీద కూర్చున్నాను. లచ్చవమ్మ గదిలోంచి వచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"అప్పా, గుంట పాలు తాగట్నేదు. తెల్లారిన కాడ్నించీ ఒళ్ళు కాలిపోతన్నాది."

దాలమ్మ ఏకు కింద పడేసి లేచింది. నేనూ లేచి అడ్డం నిలబడ్డాను. అవును, అడ్డం నిలబడ్డాను.

"పసిపిల్లలకి జ్వరాలు రాకుండా ఉంటాయా? నేను వైద్యుణ్ణి పిలుచుకొస్తాను. నువ్వు లోపలికెళ్ళి మాత్రం ఏం చేస్తావు? ఈ రెండు చిలపలూ అయిపోతే నువ్వు హాయిగా ఉండొచ్చు. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఇప్పుడు లోపలికెళ్తే ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే."

"ఒక్కసారి సూసొస్తాను బావూ."

"సాయంత్రం చూద్దువుగాని. సాయంత్రం నుంచి నీ ఇష్టం. నేను మాటిస్తున్నాను."

నా మాట ఎవడిక్కావాలి? కానీ ఆవిడ కూర్చుంది. నేను వైద్యుడి కోసం వెళ్ళాను. ఆయన పక్కూరు వెళ్ళాడు. తీసుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వీధి మలుపులోనే ఏడుపులు వినబడ్డాయి. వసారాలో రాట్నం పక్కకి ఒరిగి ఉంది, కదురు మీద సగం చిలప నూలు ఉంది. దాలమ్మ లోపల ఉంది.

వైద్యుడు చూసి, ఈ జ్వరం ఎవరు వచ్చినా నిలిచేది కాదన్నాడు. పొద్దున్నే వచ్చినా చేసేదేమీ ఉండేది కాదన్నాడు. ఊళ్ళో కొందరు పురిటింట్లో రాట్నం తిప్పినందుకే బిడ్డ పోయిందన్నారు. నేను అది నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మైలకీ జ్వరానికీ ఏం సంబంధం? కానీ ఆ కట్టు ఎందుకు పెట్టారో నాకు అప్పుడు తెలిసింది. ఏ ముత్తవ్వో, కూలి నూలు వడికి వడికి పిల్లలని చూసుకోలేకపోయిన మనిషి, మైల అని పేరు పెట్టి ఇరవయ్యొక్క రోజులు దాచుకుని ఉంటుంది. ఊరికే అడిగితే ఏ యజమాని ఇస్తాడు? మైల అంటే ఏ యజమానీ కాదనలేడు. నాబోటి చదువుకున్న వెధవ ఒకడొస్తాడని ఆవిడ అనుకుని ఉండదు.

కదురు మీది సగం చిలప వదిలేసి, ఉన్న నూలు తీసుకెళ్ళి సాలీడికి ఇచ్చాను. రెండు చిలపలు తక్కువని భయపడుతూ చెప్పాను. అతను నూలు వేళ్ళ మధ్య పెట్టి చూసి, "దానికేటి, జానెడు పొడుగు తగ్గించీస్తాను. ఎవులు కొలుస్తారు?" అన్నాడు. ఎవరూ కొలవలేదు. ఆవిణ్ణి ఆ గుమ్మం దగ్గర ఆపిన రెండు చిలపలూ ఎవరికీ అవసరమే లేదు. ఈ ఒక్క మాట రాసి కింద రెండు గీతలు గీశాను. కోపంతోనే.

రైలొచ్చింది. చీపురుపల్లి స్టేషన్లో జనం కిటకిటలాడారు. పెద్దమనిషి పెట్టె గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో దండ మీద దండ. నేను ఎగబడి ఉత్తరీయం భుజాన వేశాను. "వంద నంబరు" అన్నాను. ఆయన విన్నాడో లేదో. దండలతో పాటే తీసి వెనకనున్న వాడికి అందించాడు. తడి పూల కింద అది ఉండలా చుట్టుకుపోయింది. తర్వాత నాలుగు మాటలు మాట్లాడాడు. మనమంతా తొందరలో బతుకుతున్నామట. రాట్నం మనసుకి శాంతినిస్తుందట. వడికే అక్కచెల్లెళ్ళ దగ్గర మనం నిదానం నేర్చుకోవాలట, ఈ క్షణంలో బతకడం నేర్చుకోవాలట. గార్డు ఈల వేశాడు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే.

మర్నాడు పొందూరులో దాలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద ఉంది. నీలవేణి లోపల పడుకుని ఉంది. నీ నూలుకి ఈ జిల్లాలో సాటి లేదన్నాను. ఆవిడ వీధిలోకే చూస్తోంది. అప్పుడు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, "నన్ను నాలుగు తిట్టు దాలమ్మా," అన్నాను.

"లెగు. తిట్టీడానికి ఓపిక నేదు," అంది. లోపలికి వినబడకుండా గొంతు తగ్గించింది.

"గుంట నిద్దర్లో నవ్వీదంట బావూ. నవ్వితే ఎడం బుగ్గ మీద సొట్ట పడీదంట. నాను సచ్చిన మొకం సూసినాను. సచ్చిన మొకం మీద సొట్ట పడదు కదేటి? నీలవేణి మాటిమాటికీ అడుగుతన్నాది. 'అమ్మా, గుంట నవ్వితే అచ్చం నీకు పడ్డట్టే సొట్ట పడీది, కదే? నువ్వూ సూసినావు కదే?' అంటన్నాది. దానికింకా తెల్దు, నాను లోపలికి రానేదని. జొరంలో, మత్తులో ఉండీది, నానొచ్చి సూసీదాన్ననే అనుకుంటన్నాది."

"ఏం చెప్పావు?"

"సూసినానే అంటన్నాను. అచ్చం నాలాగేనే అంటన్నాను. పొద్దున్న కూడా అన్నాను."

లోపల్నుంచి నీలవేణి "అమ్మా" అని పిలిచింది. దాలమ్మ లేచి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.